సోమవారం మధ్యాహ్నం వచ్చిన అమావాస్య

మొయినాబాద్ నుంచి చందనవెల్లి దాకా, నాలుగేళ్లపాటు, నేను చెయ్యి ఊపందే ఒక్క లారీ చక్రం కదల్లేదు. సిమెంటైనా, కంకరైనా, ఇనుమైనా, ప్లాంటులో కలిపి తెచ్చే రెడీమిక్స్ కాంక్రీటైనా సరే. రోజుకు రెండు వందల బండ్లు. చేవెళ్ల చౌరస్తా పక్కన సిమెంటు దుకాణం ముందు కుర్చీ వేసుకుని నేను కూర్చుంటే, పోయే ప్రతి డ్రైవరూ కిటికీలోంచి చెయ్యి బయటపెట్టి సలాం కొట్టేవాడు. ట్రాఫిక్ కానిస్టేబుల్ కూడా ఒకసారి నా వైపు చూసి, నేను తల ఊపాకే చెయ్యి దించేవాడు.

ఈ మాటలు నేను ఎన్ని పెళ్లి విందుల్లో చెప్పానో లెక్కలేదు. నోటితో చెప్పేటప్పుడు ఎవరూ పట్టుకోరు. కాగితం మీద పెడితే పట్టుకుంటారు. కానిస్టేబుల్ సంగతి ఇప్పుడే ఒప్పేసుకుంటాను. అతను చూసింది నా వైపు కాదు, నా వెనక గోడకున్న గడియారం వైపు. మిగతావి వీలు చూసుకుని ఒప్పుకుంటాను.

కొత్తగా సైట్లలో చేరిన పిల్లలు కనిపించినప్పుడల్లా ఒకటే అడుగుతారు. బండి ఎక్కడుందో మాకు ఫోన్లో చుక్కలా కనబడుతుంది, మీరెట్లా నడిపారు అని. మీ కోసమే ఇది రాస్తున్నాను. చుక్క కనబడితే చాలదు. ఆ చుక్కలో ఒక మనిషి కూర్చుని ఉంటాడు. ఆ మనిషి ఏ రోజున, ఏ పూట బండి తియ్యనంటాడో తెలియాలి. అది తెలుసుకోవడానికి నాకు ఒక గండం పట్టింది.

నా ఉద్యోగం పేరు మెటీరియల్ ఇన్‌చార్జి. సైటుకు సరుకు వేళకు రావాలి. ఆలస్యమైతే కూలీలు ఖాళీగా కూర్చుంటారు. ముందే వస్తే దించడానికి చోటు ఉండదు. చెప్పడానికి ఇంతే. నేను చేరేనాటికి చందనవెల్లిలో కడుతున్న ఫ్యాక్టరీ సైటు ముందు జాతరలా ఉండేది. పొద్దున ఆరింటికే అందరూ దిగేవారు. ఇటుకల లారీ వెనక ఇసుక టిప్పరు, దాని వెనక ఇనుము ట్రయిలరు. ఆ రోజుకు మొదట కావలసింది ఇనుము, అది అందరికంటే చివర. ఇసుకను ఎక్కడ ఖాళీ కనబడితే అక్కడ గుమ్మరించేవారు. మర్నాడు సరిగ్గా అక్కడే గుంత తవ్వాల్సి వచ్చేది. ఒకే ఇసుక కుప్పను మూడు చోట్లకు మోయించిన రోజులున్నాయి.

రెడీమిక్స్ బండ్లది ఇంకా అన్యాయం. ప్లాంటులో నీళ్లు కలిసిన నిమిషం నుంచే కాంక్రీటుకు ఆయుష్షు తరగడం మొదలవుతుంది. రెండు గంటల్లో పోసెయ్యాలి. మొయినాబాద్ దగ్గరి ప్లాంటు నుంచి చేవెళ్ల, షాబాద్ మీదుగా సైటుకు ఒక గంట దారి. అంత దూరం వచ్చి గేటు ముందు ఆరేసి బండ్లు డ్రమ్ములు తిప్పుకుంటూ వరుసలో నిలబడేవి. డ్రైవర్లు వేపచెట్ల కింద కూర్చుని చాయ్ తాగేవారు. ముందరి బండి దిగేలోపు చివరి బండిలో సరుకు బిగుసుకుపోయేది. దాన్ని తీసుకుపోయి ఎక్కడో ఒక గోతిలో పారబోయడమే.

నేను చేసిన మార్పు చిన్నది. నిండు బండి ఎక్కడా నిలబడకూడదు. నిలబడితే ఖాళీ బండే నిలబడాలి. ప్లాంటు పక్కన ఒక ఖాళీ జాగ కిరాయికి తీసుకున్నాం. బండ్లన్నీ అక్కడ వరుసలో ఉంటాయి. సైటులో ఒక బండి సగం దిగగానే నాకు ఫోను వస్తుంది. నేను ప్లాంటుకు ఫోను చేస్తాను. వరుసలో ముందున్న బండి లోపలికి పోయి నింపుకుని బయల్దేరుతుంది. సగం దారిలో, చేవెళ్లలో, నేను చూసి టైము రాసుకుంటాను. పిలుపు ఎప్పుడొస్తుందో తెలియదు కాబట్టి డ్రైవరు బండి విడిచి పోకూడదు. పిలిచినప్పుడు సీట్లో లేకపోతే వరుసలో అందరికంటే వెనక్కి.

నెల తిరక్కముందే గేటు ముందు వరుస మాయమైంది. పారబోసిన బండి ఒక్కటి లేదు. మా మేనేజరు గేటు ముందు నిలబడి ఖాళీ రోడ్డును ఫోటో తీసి పైవాళ్లకు పంపాడు. ఖాళీ రోడ్డు ఫోటో చూసి మురిసిపోయిన వాళ్లను నేను అప్పుడే చూశాను. నేనూ మురిశాను. ఇప్పటికీ అది నా ఫోన్లో ఉంది.

డ్రైవర్లు మొదట్లో గొణిగారు. కొత్త పద్ధతి ఏదొచ్చినా గొణగడం డ్రైవర్ల అలవాటని నేను పట్టించుకోలేదు. వాళ్లలో పెద్దవాడు ఒకడుండేవాడు. చేవెళ్ల పక్క పల్లె మనిషి, నాకంటే పదేళ్లు చిన్న. మిగతా డ్రైవర్లు అతని మాట దాటరు. చేవెళ్లలో బండి నెమ్మది చేసినప్పుడల్లా ఒకే మాట అనేవాడు.

"అన్నా, ఒక్కపారి ప్లాంటు కాడికొచ్చి చూసిపో."

"వస్త తమ్మీ, వస్త. జర ఈ పని ఒడువనియ్యి."

నాలుగు నెలలు అలాగే అన్నాను. కుర్చీ వదిలితే లైను ఆగిపోతుందని చెప్పుకునేవాణ్ణి. అసలు సంగతేమిటంటే, చేవెళ్ల చౌరస్తాలో ఆ కుర్చీలో ఉంటే నేనొక మనిషిని. లేస్తే నన్నెవరూ గుర్తుపట్టరు.

ఇక మేడం సంగతి చెప్పాలి. సైటు ఇంజనీరు. ముప్పయ్యేళ్లుంటాయి. వాళ్ల నాన్న తొంభైల్లో కోస్తా నుంచి ఉద్యోగానికి వచ్చి హైదరాబాదులో స్థిరపడ్డాడు. ఇంట్లో అందరూ ఏసీ గదుల్లో కంప్యూటర్ల ముందు కూర్చుంటే, ఈమె మాత్రం రోజూ దుమ్ములో నిలబడతానని పట్టుబట్టి వచ్చింది. 'అండీ' లేకుండా ఎవరితోనూ మాట్లాడేది కాదు, తప్పు చేసిన మేస్త్రీని తిట్టేటప్పుడు కూడా. "ఇదేంటండీ ఇంత దరిద్రంగా కట్టారు?" అనేది. తిట్టు తగిలిందో మర్యాద తగిలిందో తెలియక మేస్త్రీ తల గోక్కునేవాడు.

ఆమె రావడానికి ముందు ఆ సైటులో ఒక దిమ్మె పాడైంది. ఫ్యాక్టరీలో అందరికంటే పెద్ద యంత్రం కూర్చునే దిమ్మె. భూమిలో ఒక ఇల్లంత. దాన్ని ఒకే ముద్దగా, ఆగకుండా పొయ్యాలి. మధ్యలో ఎక్కువసేపు ఆగితే పోసింది గట్టిపడి, మళ్లీ పోసేది దానికి అంటుకోదు. అక్కడ అతుకు పడుతుంది. యంత్రం అదురుడుకు అక్కడే చీలుతుంది. మొదటిసారి బండ్లు వేళకు రాక అదే జరిగింది. ఆ దిమ్మెను పగలగొట్టడానికి మనుషులు రెండు నెలలు డ్రిల్లులు పట్టుకుని చెవుల్లో దూది పెట్టుకున్నారు. అప్పటి ఇంజనీరును ఇంటికి పంపారు. ఆ కుర్చీలోకి ఈమె వచ్చింది.

దిమ్మెను రెండోసారి పొయ్యడానికి తేదీ పెట్టే రోజున ఆమె నా స్టోరు గదికి వచ్చింది. ఎప్పుడూ నిలబడే మాట్లాడేది, ఆ రోజు సిమెంటు బస్తా మీద కూర్చుంది.

"ఇదీ పాడైతే నన్నూ పంపించేస్తారండీ. పంపించడం పెద్ద విషయం కాదు. ఆడమనిషికి సైటు ఎందుకిచ్చారని మొదటి రోజు నుంచే అంటున్నారు. వాళ్ల మాట నిజమైపోతుంది. ఆ తర్వాత నాకు ఇంకో సైటు ఎవరూ ఇవ్వరు. జీవితాంతం ఆఫీసులో కూర్చుని డ్రాయింగులు దిద్దుకోవాలి."

"ఫికర్ చెయ్యకుండ్రి మేడం. బండ్ల సంగతి నాది."

"అమావాస్య ఎప్పుడండీ? ఆ రోజు కూలీలు రారటగా."

ఇది నగరంలో పెరిగిన మనిషి అడగవలసిన ప్రశ్న కాదు. అయినా అడిగింది. ఆ మాత్రం తెలుసుకున్నందుకు నాకు ముచ్చటేసింది. పాలమూరు నుంచి వచ్చిన కాంక్రీటు కూలీలు అమావాస్య నాడు పార ముట్టరు. ఏ కంపెనీ అయినా, ఎంత తొందరైనా అంతే. నేను గోడ మీది క్యాలెండరు చూశాను. మంగళవారం గడిలో నల్లటి గుండ్రటి చుక్క.

"మంగళారం మేడం. మనం సోమారం పోసుకుందాం. పొద్దుగాల ఐదింటికి మొదలువెడితే చీకటి వడేటాలకు అయిపోతది. మంగళారం కూలోల్లు మంచిగ పండుకుంటరు."

"ఖాయమేనా?"

"నేను చెప్పినంక ఇంగ ఖాయం గాక ఏంది?"

ఆమె లేచి, ప్యాంటుకు అంటిన సిమెంటు దులుపుకుని, కాగితం మీద సోమవారం అని రాసి సంతకం పెట్టింది.

ఇక్కడ ఇంకో సంగతి ఒప్పుకోవాలి. రెండు వందల బండ్లు అన్నాను కదా. అన్ని రకాలూ కలిపినా నలభై దాటవు. అందులో ఇసుకవాళ్లు, ఇటుకవాళ్లు నేను సలాం కొట్టినా చూసేవాళ్లు కాదు. నా మాట మీద నిజంగా నడిచినవి రెడీమిక్స్ బండ్లు పద్నాలుగు. కానీ ఆ పద్నాలుగే ఆ రోజుకు ప్రాణం.

సోమవారం పొద్దున ఐదింటికి మొదటి బండి చేవెళ్ల దాటింది. ఆ తర్వాత పావుగంటకొకటి. కూరగాయల ఆటోలు, పూల గంపలు, బడి బస్సులు, అన్నిటి మధ్య నుంచి నా బండ్లు లెక్క ప్రకారం వస్తున్నాయి, పోతున్నాయి. నా నోటుబుక్కులో గీతలు ముత్యాల్లా పడ్డాయి. సిమెంటు దుకాణం అతను చాయ్ తెప్పించి, "ఏందన్నా, రైలు నడుపుతున్నవా?" అన్నాడు. నేను నోటుబుక్కు ఎత్తి చూపించాను, అంత గర్వంగా ఉన్నాను. మధ్యాహ్నానికి సగం దిమ్మె నిండింది. కాంక్రీటు కొంచెం పలుచగా వస్తోందని మేడం సైటును ఫోర్‌మన్‌కు అప్పజెప్పి, చూసి వస్తానని ప్లాంటుకు పోయింది. పోతూ నా దగ్గర కారు ఆపి కిటికీ దించింది.

"బాగా నడుస్తోందండీ. థాంక్సండీ."

రెండు గంటలకు ఫోను మోగింది. డ్రైవర్ల పెద్ద.

"అన్నా, బండ్లు ఆపినం."

"ఎందుకు తమ్మీ? టైరు వోయిందా?"

"టైరు గాదు. అమావాస్య వచ్చింది. ఇంగ బండి కదలది."

"అమావాస్య రేపు గదరా!"

"కూలోల్లకు రేపు. మాకు ఇయ్యాల. బండికి దిష్టి తియ్యాలె, గుమ్మడికాయ కొట్టాలె. అదంతా పద్ధతి ప్రకారం కావాలె గద. నీకు పద్ధతి అంటే మస్తు ఇష్టం."

ఫోను పెట్టేశాడు. నేను దుకాణం లోపలికి పరుగెత్తి అతని క్యాలెండరు పీకినంత పని చేశాను. సోమవారం గడిలో అడుగున, చీమ తలంత అక్షరాలతో ఉంది: మధ్యాహ్నం ఒంటి గంట దాటాక అమావాస్య. మంగళవారం మధ్యాహ్నం దాకా. కూలీలు సూర్యోదయానికి ఉన్న తిథిని చూస్తారు, అందుకని వాళ్లకు మంగళవారం. బండ్లవాళ్లు, దుకాణాలవాళ్లు దిష్టి తీసేది సాయంత్రం, అందుకని వాళ్లకు సోమవారం. పుట్టి పెరిగింది ఇక్కడే. ఈ సంగతి తెలియకపోవడం కాదు. నల్ల చుక్క ఒక్కటే చూసి, కళ్లద్దాలు పెట్టుకోవడానికి బద్ధకించాను.

వెంటనే మేడం ఫోను.

"ఏం జరుగుతోందండీ ఇక్కడ? బండ్లు వరుసలో నిలబెట్టి అందరూ దిగిపోయారు. అమావాస్యంటున్నారు. మీరు మంగళవారమన్నారుగా?"

"పొరపాటైంది మేడం."

ఆమె వెంటనే లెక్కలోకి దిగింది.

"దారిలో ఎన్ని బండ్లున్నాయి?"

"నాలుగు. మూడు గంటల వరకు వస్తయి. ఆ తర్వాత ఏం లేవు."

"ఆ తర్వాత గంటన్నర. అంతకు మించి ఆగితే అతుకు పడుతుంది. నేను వీళ్లతో మాట్లాడతాను. మీరేం చెయ్యగలిగితే అది చెయ్యండి."

నేనేం చెయ్యగలను? చేవెళ్ల మార్కెట్టు వందడుగుల దూరంలో ఉంది. బండ్లకు గుమ్మడికాయలు కావాలి. వాళ్లు ఒక్కొక్కరు బండి కడుక్కుని, కొనుక్కొచ్చుకుని, తీరిగ్గా కొట్టుకుంటే సాయంత్రమవుతుంది. సరుకే బండి దగ్గరికి పోతే? అదే కదా రోజూ నేను చేస్తున్న పని. కావలసిన వేళకు కావలసిన చోటికి చేర్చడం. సిమెంటు ఒకటే సరుకా, గుమ్మడికాయ సరుకు కాదా? ఇన్నేళ్లలో నా బుర్రకు తట్టిన ఆలోచనల్లో అంత మంచిది ఇంకోటి లేదని ఇప్పటికీ అంటాను.

మార్కెట్టులో గుమ్మడికాయలమ్మే అవ్వ కుప్ప ముందు నిలబడ్డాను.

"అవ్వా, బూడిద గుమ్మడికాయలు పద్నాలుగు ఇయ్యి. జల్ది."

"పద్నాలుగా? ఎంతమందికి తగిలింది బిడ్డా దిష్టి?"

"మనుషులకు గాదు, లారీలకు."

"లారీలకెందుకు తగుల్తది? నీ మొకం జూస్తే నీకే తగిలినట్టున్నది."

"అవ్వా, జర జల్ది."

"తొమ్మిదే ఉన్నయ్. పొద్దుగాల్నే రావద్దా? ఇయ్యాల అమావాస్య అని తెల్వదా?"

చేవెళ్ల మొత్తానికి తెలుసు. అవ్వకు తెలుసు, అవ్వ పక్కన నిమ్మకాయలమ్మే ఆమెకు తెలుసు. మెటీరియల్ ఇన్‌చార్జికి తెలియదు. తొమ్మిదీ ఆటోలో వేశాను. సాయంత్రానికని కొనిపెట్టుకున్న దుకాణదారుల ముందు నిలబడి బతిమాలితే ముగ్గురు ఇచ్చారు. పన్నెండు. ఇంకా రెండు తక్కువ. చేవెళ్లలో ఇంకెక్కడా దొరకలేదు. చివరికి రెండు పెద్ద సొరకాయలు తీసుకున్నాను.

"సొరకాయతోని దిష్టి వోతదా?" అని అవ్వ బుగ్గ నొక్కుకుంది.

"కాంక్రీటు బండికి వోతదవ్వా."

నిమ్మకాయలు, పసుపు, కుంకుమ, కర్పూరం మూటగట్టి ఆటో ఎక్కి, గుమ్మడికాయలు తెస్తున్నానని మేడంకు ఫోను చేశాను. మొయినాబాద్ దాకా ఆ ఆటో డ్రైవరు వెనక్కి తిరిగి నన్ను చూస్తూనే ఉన్నాడు. ఒళ్లో రెండు సొరకాయలు, కాళ్ల దగ్గర పన్నెండు గుమ్మడికాయలు, చేతిలో గడియారం.

మూడుంపావుకు ప్లాంటు దగ్గర దిగాను. పిల్లలూ, ఆ దృశ్యం నేను మరిచిపోలేను. జాగలో ఉన్న పది బండ్ల ఇంజన్లూ నడుస్తున్నాయి. డ్రైవర్లందరూ సీట్లలో ఉన్నారు. నా ఆటో కనబడగానే స్టార్టు చేసి ఉంటారు. అంత నమ్మకం. ఒక్కో బండి ముందు దిష్టి తీసి, కాయ పగలగొట్టి, చక్రాల కింద నిమ్మకాయలు పెట్టాను. పది నిమిషాల్లో పది బండ్లు. ఇలాంటి వేగంతో దిష్టి ఈ జిల్లాలో ఇంతకుముందు ఎవరూ తియ్యలేదు. దారిలో ఉన్న నాలుగు బండ్లకని నాలుగు గుమ్మడికాయలు పక్కన పెట్టాను కాబట్టి చివరి రెండు బండ్లకు సొరకాయలే మిగిలాయి. అవి కొడుతుంటే డ్రైవర్లు స్టీరింగ్ మీద పడి నవ్వారు. డ్రైవర్ల పెద్ద మాత్రం నవ్వలేదు. నా వైపు చూసి, "అయిందా అన్నా? ఇంగ పోదామా?" అన్నాడు. మేడం ప్లాంటు గోడ నీడలో నిలబడి ఉంది. ముఖమంతా దుమ్ము, బట్టలకు మట్టి.

"అయితే కానివ్వండి, త్వరగా" అంది. అంతే.

మొదటి బండి నాలుగు గంటల ఇరవై నిమిషాలకు సైటు చేరింది. మూడింటికి ఆగిన కాంక్రీటు మీద, గంటా ఇరవై నిమిషాల తర్వాత కొత్తది పడింది. కూలీలు ఆ మధ్యలో అంచు గట్టిపడకుండా తడి గోనెలు కప్పి కాపాడారు. చీకటి పడ్డ చాలాసేపటికి చివరి బండి దిగింది. అతుకు పడలేదు. తర్వాత పరీక్షలు చేసినవాళ్లు కూడా పడలేదనే రాసిచ్చారు. యంత్రం వచ్చింది, కూర్చుంది, ఇవాళ్టికీ తిరుగుతోంది. ఆ ఫ్యాక్టరీ పక్కనుంచి బస్సులో పోయినప్పుడల్లా నేను కిటికీ వైపు సీటే అడుగుతాను.

మేడం ఉద్యోగం నిలబడింది. ఆ తర్వాత ఇంకా పెద్ద సైట్లు చేసింది. నాకు శాలువా కప్పారు. ఆ కంపెనీ వాళ్లు ఏ స్లాబు తేదీ రాసినా, పక్కన ఒక గడిలో ఆ రోజు తిథి ఎన్ని గంటలకు వస్తుందో, ఎన్ని గంటలకు పోతుందో రాసే అలవాటు అప్పుడే మొదలైంది. ఆ గడి నాది. చదువుకున్నవాళ్ల కాగితంలో నేను గీసిన గడి.

ఆ వారంలోనే ప్లాంటు పక్క జాగలో రేకుల షెడ్డు లేచింది, తాగే నీళ్ల ట్యాంకు వచ్చింది, పొద్దంతా సీట్లో కూర్చోనక్కర లేకుండా డ్రైవర్లకు నెంబరు చీటీలు వచ్చాయి. అన్నీ మేడమే పెట్టించింది. గండం గడిచిన సంతోషంలో పుణ్యం చేసుకుంటోంది కాబోలు అనుకున్నాను.

ఇక్కడితో ఆపేస్తే నా గౌరవం నిలుస్తుంది. కానీ ఒకటి మిగిలింది. ఆ తర్వాత జరిగిన మీటింగులో, సోమవారం అని తేదీ పెట్టిందెవరని మేనేజరు అడిగాడు. నేను టేబులు మీది బిస్కెట్ల వైపు చూస్తూ కూర్చున్నాను. మేడం, "నేనేనండీ, సంతకం నాదేగా" అంది. మేనేజరు అందరి ముందు ఆమెను పది నిమిషాలు వాయించాడు. నేను బిస్కెట్టు ఒకటి తీసుకున్నాను. తర్వాత ఆమె నాతో ఆ ప్రస్తావనే తేలేదు. పెళ్లి విందుల్లో ఈ కథ చెప్పినప్పుడు, తేదీ తప్పు మేడమే పెట్టిందని, నేను కాపాడానని చెబుతూ వచ్చాను. ఇప్పుడు రాస్తున్నాను: తప్పు నాది. నల్ల చుక్క చూసింది నేను, చిన్న అక్షరాలు చూడనిది నేను. ఇది రాశాక మనసు తేలికైంది. ఒక మనిషి ఈ వయసులో ఇంతకంటే నిజాయితీగా ఉండలేడని కూడా అనిపించింది.

ఆ తేలికతో, మొన్న ఆదివారం ఇంటికి వచ్చిన డ్రైవర్ల పెద్దకు ఇదంతా చదివి వినిపించాను. అతనిప్పుడు లారీ మానేసి అజీజ్‌నగర్‌లో ఒక ఫాంహౌసుకు కాపలా ఉంటున్నాడు. చివరిదాకా కళ్లు మూసుకుని విన్నాడు. నిద్రపోయాడేమోననుకున్నాను.

"ఎట్లున్నది తమ్మీ?"

"మంచిగ రాసినవన్నా. సొరకాయల ముచ్చట మస్తున్నది. కని ఒకటి తప్పు రాసినవ్."

"ఏది?"

"మేం బండ్లు ఆపింది అమావాస్యకు గాదు. అమావాస్య నాడు నేను ఎన్నిసార్లు బండి నడిపిన్నో నాకే యాది లేదు. కాయ పొద్దున గొడతం, రాత్రి గొడతం, మర్నాడు గూడ గొడతం."

"మరి?"

"నాలుగు నెలలు ఆ జాగల మమ్మల్ని ఎండకు కూసోవెట్టినవ్. చెట్టు లేదు, నీళ్లు లెవ్వు. ఒంటికి వోనీకి దిగితే నెంబరు వోతది. సైటు గేటు కాడ ఉన్న లైనును తెచ్చి మా నెత్తి మీద వెట్టినవ్, నీకు ఖాళీ రోడ్డు కనవడ్డది. వచ్చి చూడమంటె రాకపోతివి. నువ్వు దేనికి కాదనవో అదే చెప్పినం. అమావాస్య అంటె నోరు మూస్తవని ఎర్కే."

నేను కాగితాలు సర్దుకోసాగాను. అతను ఆపలేదు.

"మేడం నిన్ను మార్కెట్లకు వోనిచ్చి, మా కాడికొచ్చి మట్టిల కూసున్నది. ఏం కష్టమున్నదో చెప్పుండ్రి అన్నది. గంటసేపు విన్నది. నీడ, నీళ్లు, చీటీలు వారం దినాల్ల చేస్త, చెయ్యకపోతె ఎనిమిదో దినం బండ్లు ఆపుండ్రి, నేనే మీతోని కూసుంట అన్నది. ఆమె మాట మీద లేసినం."

"మరి గుమ్మడికాయలు?"

"నువ్వు గుమ్మడికాయలు తెస్తున్నవని ఆమెకు ఫోనొచ్చింది. పెద్దాయన, కష్టపడి తెస్తుండు, కాదనొద్దు, కొట్టనియ్యిండ్రి అన్నది. మూడు బండ్లు నింపుకొని, ఇంజన్లు స్టార్టు జేసుకొని నీ కోసం ఆగినం. ఆ గంటా ఇరవై నిమిషాలల్ల పది నిమిషాలు నువ్వే ఆలస్యం జేసినవన్నా."